జావా మెమరీకి హద్దు పెట్టవలసింది మనమే

సంపాదకులకు,

అయ్యా,

గత వారం మీ విద్యా పేజీలో ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం జావా భాషను పరిచయం చేస్తూ వచ్చిన వ్యాసం చదివాను. పిల్లలకు అర్థమయ్యే తెలుగులో చక్కగా రాశారు. అయితే ‘గార్బేజ్ కలెక్టర్ ఉంది కాబట్టి ప్రోగ్రామర్ మెమరీ గురించి ఆలోచించనక్కర్లేదు’ అన్న వాక్యాన్ని మాత్రం ఒప్పుకోలేకపోతున్నాను. పద్నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో జావా సర్వర్ల నిర్వహణే నా వృత్తి. కొత్తగా ఉద్యోగంలో చేరే పిల్లల్లో చాలామంది ఇదే మాటను కాలేజీలో కంఠస్థం చేసి వస్తున్నారు. దాన్ని వాళ్ల చేత మరిపించడానికి మాకు నెలలు పడుతోంది.

వాడకం అయిపోయిన ఆబ్జెక్టులను (ప్రోగ్రాము మెమరీలో తయారుచేసుకునే డేటా ముక్కలను) వెతికి ఆ చోటును ఖాళీ చేసే పనిని, 1959 ప్రాంతంలో జాన్ మెకార్తీ లిస్ప్ భాష కోసం ఈ పద్ధతిని రూపొందించిన నాటి నుంచి యంత్రానికే వదిలేస్తున్నాం. ఆ పని చేసే భాగమే గార్బేజ్ కలెక్టర్. ఏది పనికొచ్చేదో ఏది చెత్తో అది తేల్చగలదు. మొత్తం మీద ఎంత చోటు వాడుకోవచ్చో దానికి మనమే చెప్పాలి. ఇంట్లో గిన్నెలు నిండుగా ఉంటే అంట్లు రోజుకు ఒకసారి తోమితే సరిపోతుంది. నాలుగే ఉంటే ప్రతి పూటా తోముకుంటూనే ఉండాలి. మెమరీ విషయంలోనూ ఇంతే: హీప్‌కు, అంటే ఆబ్జెక్టులు ఉండే మెమరీ భాగానికి, చోటు పెంచితే ప్రాసెసర్‌కు పని తగ్గుతుంది, చోటు తగ్గిస్తే పని పెరుగుతుంది. మాథ్యూ హెర్ట్జ్, ఎమరీ బెర్గర్ 2005లో దీన్ని కొలిచి చూపించారు. మెమరీని ఎప్పటికప్పుడు చేతితో విడుదల చేసే ప్రోగ్రాముకు సరిపోయే చోటుకు ఐదు రెట్లు ఇస్తే గార్బేజ్ కలెక్టర్ దానితో సమానంగా పరుగెత్తింది. మూడు రెట్లే ఇస్తే సగటున 17 శాతం, రెండు రెట్లే ఇస్తే దాదాపు 70 శాతం వెనకబడింది.

నా అనుభవంలోని ఒక సంఘటన చెబుతాను. 2017లో ఒక విద్యాసంస్థకు ఫీజులు కట్టించుకునే సర్వీసును మేము చూసుకునేవాళ్లం. గడువు ముగిసే రోజుల్లో అది నలభై నిమిషాలకోసారి మాయమయ్యేది. లాగ్ ఫైలు వాక్యం మధ్యలోనే తెగిపోయేది. మెమరీ చాలలేదన్న జావా ఎర్రర్ ఎక్కడా ఉండేది కాదు. మిగిలేది 137 అన్న ఎగ్జిట్ కోడ్ ఒక్కటే. అంటే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగమైన కెర్నల్ 9వ నంబరు సిగ్నల్ పంపి ఆ ప్రాసెస్‌ను చంపేసిందని, 128కి 9 కలిపితే వచ్చిన సంఖ్యే అదని తెలుసుకోవడానికి మాకు ఒక రాత్రి పట్టింది. ఆ మెషీన్‌లో 64 జీబీ మెమరీ ఉంది. మా సర్వీసు నడిచే కంటైనర్‌కు, అంటే మెషీన్‌లో మెమరీకి హద్దు పెట్టి ప్రోగ్రామును విడిగా నడిపే అరకు, ఇచ్చింది 2 జీబీ. ఆనాటి జావా 8కు కంటైనర్ హద్దు కనిపించదు. హీప్ పరిమాణం మనం చెప్పకపోతే మెషీన్ మెమరీలో నాలుగోవంతు, అంటే 16 జీబీ వరకూ తనదే అనుకుంటుంది. అంత చోటు ఉందనుకున్నప్పుడు పాత చెత్తను తీయడానికి దానికి తొందరేముంటుంది? అది తీసేలోపే 2 జీబీ నిండిపోయేది, కెర్నల్ వేటు వేసేది.

మేము వెంటనే ఎక్స్‌ఎంఎక్స్ ఆప్షన్‌తో హీప్ హద్దును సరిగ్గా 2 జీబీ అని పెట్టాం. అయినా సర్వీసు పడిపోయింది. క్లాసుల వివరాలు, కంపైల్ అయిన కోడ్, నెట్‌వర్క్ బఫర్లు, ఒక్కొక్కటీ 1 ఎంబీ దాకా పెరగగల థ్రెడ్ స్టాకులు (ఏకకాలంలో నడిచే ఒక్కో పనికి కేటాయించే మెమరీ), ఇవన్నీ హీప్‌కు బయట ఉంటాయన్నది మేము లెక్కలోకి తీసుకోలేదు. చివరికి గార్బేజ్ కలెక్షన్ లాగ్ ఆన్ చేసి ఒక రోజంతా గమనిస్తే, పూర్తి కలెక్షన్ అయ్యాక కూడా మిగిలేది, అంటే నిజంగా వాడకంలో ఉన్నది, రద్దీ వేళల్లో సైతం 430 ఎంబీ దాటడం లేదని తేలింది. హీప్‌కు 1,200 ఎంబీ ఇచ్చి మిగతాది బయటి అవసరాలకు వదిలాం. ఆ తర్వాత గడువు ముగిసేదాకా సర్వీసు ఒక్కసారి కూడా ఆగలేదు. కొత్త మెషీన్ కొనవలసిన అవసరం రాలేదు.

అలాగని హీప్‌ను ఎడాపెడా పెంచడమూ మందు కాదు. 32 జీబీ లోపు ఉన్నంతకాలం జావా ఒక్కో రిఫరెన్స్‌ను (ఆబ్జెక్టు ఎక్కడుందో చెప్పే చిరునామాను) 4 బైట్లలో కుదిస్తుంది. ఆ గీత దాటగానే మామూలుగా 8 బైట్లు కావాలి కాబట్టి, 31 జీబీ నుంచి 33 జీబీకి పెంచినవారికి ఆబ్జెక్టులు పట్టే చోటు పెరగకపోగా తగ్గవచ్చు. ఇక మెషీన్‌లో ఉన్న మెమరీని మించి హీప్ పెట్టి అది డిస్కు మీదికి స్వాప్ అయిందంటే, కలెక్టర్ హీప్‌నంతా తడిమిన ప్రతిసారీ సర్వర్ నిమిషాల తరబడి బిగుసుకుపోవచ్చు.

భాషలను తయారుచేసేవారు ఊరుకోలేదు. 2018 మార్చిలో వచ్చిన జావా 10 కంటైనర్ హద్దును గుర్తించడం నేర్చుకుంది. ఆ సౌకర్యాన్ని అదే ఏడాది జావా 8కు కూడా తెచ్చారు. 2022లో గో ప్రోగ్రామింగ్ భాష 1.19 వెర్షన్ మొత్తం మెమరీకి మెత్తని హద్దు (దాటకుండా ప్రయత్నించేదే కానీ, దాటితే ప్రోగ్రామును ఆపనిది) పెట్టుకునే వీలు కల్పించింది. అయినా జావా తనంతట తాను ఎంచుకునేది ఇప్పటికీ కంటైనర్ హద్దులో నాలుగోవంతే. అద్దె కట్టి తీసుకున్న 2 జీబీలో 512 ఎంబీ హీప్‌తోనే సర్వీసు ఈడుస్తూ, ‘సర్వర్ నెమ్మదించింది, పెద్దది కొనండి’ అనే బృందాలను నేను నేటికీ చూస్తున్నాను.

అందుచేత ఆ వ్యాసానికి కొనసాగింపుగా హీప్ పరిమాణం గురించి మరొకటి ప్రచురించవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కాలేజీల్లో జావా ల్యాబ్ నిర్వహించే అధ్యాపకులకు కూడా ఒక మనవి. ఒకే ప్రోగ్రామును 64 ఎంబీ, 256 ఎంబీ, 1 జీబీ హీప్‌లతో మూడుసార్లు నడిపించి, ఎక్స్‌లాగ్ ఆప్షన్‌తో వచ్చే గార్బేజ్ కలెక్షన్ లాగ్‌లో ఎన్ని వరుసలు పడ్డాయో, ప్రతి కలెక్షన్ తర్వాత ఎంత మిగిలిందో విద్యార్థుల చేత రికార్డు పుస్తకంలో రాయించండి. దీనికి అరగంట ల్యాబ్ సమయం చాలు.

భవదీయుడు,
ఒక సర్వర్ నిర్వహణ ఇంజనీరు,
హైదరాబాద్