ఆర్కే బీచ్‌లో నా యుకులేలే (నాలుగు తీగల బుల్లి గిటార్ లాంటిది) శ్రుతి చేసిచ్చిన అన్నకు

అన్నా, మీ పేరు అడగనేలేదు. కొత్త నైలాన్ తీగలు కొన్నాళ్లు సాగుతూనే ఉంటాయని, వాయించే ముందు ప్రతిసారీ నాలుగు తీగల స్వరాలు జి, సి, ఇ, ఎ సరిచూసుకోమని చెప్పింది మీరే. పై తీగ జి, పక్కనున్న సి కంటే హెచ్చు స్థాయిలో ఉండాలనీ, యుకులేలేకి ఆ గలగల అందులోంచే వస్తుందనీ అన్నారు. సి కార్డ్‌కి, అంటే కలిసి మోగే ఆ స్వరాల గుంపుకి, కింది తీగ మీద, మూడో మెట్టులో నా ఉంగరం వేలు పెట్టించి, "ఇంకేం, పాడు చెల్లీ" అన్నారు చూడండి, అక్కడే నా టెన్షన్ పోయింది. ఆ ధైర్యంతోనే సి, ఎ మైనర్, ఎఫ్, జి సెవెన్ కార్డ్‌ల మీద మా అక్క కూతురికి జోలపాట కట్టాను. మాటలూ బాణీ రెండూ నావే! పల్లవి అందుకోగానే పిల్ల ఊ కొడుతుంది. మళ్లీ కనిపిస్తే ముందు మీకు ఆ పాటే వినిపిస్తాను. చాలా థ్యాంక్స్ అన్నా.