లాల్‌బాగ్ స్టాల్‌కి తేనె తెచ్చేవాళ్లకి

అందరికీ నమస్కారం. పూల ప్రదర్శనకి తేనె తెచ్చే ముందు రిఫ్రాక్టోమీటర్‌తో (తేనెలో నీటి శాతం చూపే చిన్న పరికరం) తేమ చూసుకోండి. 20 శాతం దాటితే పులిసి మూత ఉబ్బుతుంది, అలాంటిది అమ్మకానికి వద్దు. తుడువె (పెట్టెల్లో పెంచే దేశీ తేనెటీగ) తేనెలో తేమ ఎక్కువ కాబట్టి మైనంతో మూసుకున్న అరల నుంచే తీయండి.

అర లీటరు సీసాలో పట్టేది అరకిలో కాదు, దాదాపు 700 గ్రాములు. తూకం వేసి నింపి, లేబుల్ మీద గ్రాముల్లోనే రాయండి.

జనవరి చలికి పొద్దుతిరుగుడు తేనె పేరుకుంటుంది. జనం చక్కెర కలిపారనుకుంటారు. 40 డిగ్రీల నీళ్లలో సీసా నిలబెడితే మెల్లగా కరుగుతుంది. పొయ్యి మీద పెట్టొద్దు, సువాసన పోతుంది. పేరుకున్న సీసా ఒకటి కరిగించకుండా ఎదురుగా పెట్టి, అడిగినవాళ్లకి ఓపిగ్గా చెప్పండి. మన నమ్మకం నిలబడేది అక్కడే.

రుచి చూపించే గిన్నె మీద మూత ఉండాలి, కారిన చుక్క వెంటనే తడిగుడ్డతో తుడవాలి. లేకపోతే తోటలోని ఈగలన్నీ టేబుల్ మీదే! ఏడాదిలోపు పసిపిల్లలకి మాత్రం నాకించనివ్వొద్దు, బాటులిజం అనే జబ్బు ప్రమాదం. అమ్మమ్మలు పట్టుబట్టినా సరే.

తేనెటీగల్ని చూపించే అద్దాల పెట్టెని, అవన్నీ లోపలికి చేరాక రాత్రి తీసుకురండి, నీడలో పెట్టండి. ఎండ తగిలితే మైనం మెత్తబడి తేనెపట్టు జారిపోతుంది.