ఆన్‌లైన్ ఆపండి, ఇంట్లో ఆట ఆపకండి

సంపాదకులకు నమస్కారం.

చెన్నై రిచీ స్ట్రీట్‌లో గేమ్ కన్సోళ్లు, అంటే టీవీకి తగిలించి వీడియో గేములు ఆడే పెట్టెలు, బాగుచేయడం నా వృత్తి. కాపీ డిస్కులు కూడా నడిచేలా లోపల మార్పులు చేయించిన కన్సోళ్ల మీద కంపెనీలు తీసుకునే చర్యల గురించి ఎవరు మాట్లాడినా దొంగ డిస్కుల దగ్గరే ఆగిపోతున్నారు. వాటికి ఏ సంబంధమూ లేనివాళ్లు పడే ఇబ్బంది రోజూ నా కళ్లముందే జరుగుతోంది.

అలాంటి కన్సోలును ఆన్‌లైన్ ఆటల నుంచి తీసేస్తే నాకు అభ్యంతరం లేదు. సర్వర్లు కంపెనీవి. అక్కడ ఒకడు మోసం చేస్తే సక్రమంగా ఆడే పిల్లలందరి ఆటా పాడవుతుంది. కానీ 2009 నవంబరులో తన ఎక్స్‌బాక్స్ 360 కన్సోళ్లలో అలాంటివాటిని నిషేధించినప్పుడు మైక్రోసాఫ్ట్ అంతటితో ఊరుకోలేదు, ఆటను హార్డ్ డిస్కులోకి ఎక్కించుకునే వీలు కూడా తీసేసింది. దానికి ఇంటర్నెట్‌తో పనేలేదు. ఎక్కించినా డిస్కు ట్రేలో ఉండాల్సిందే. కాకపోతే ఆట హార్డ్ డిస్కు నుంచి నడుస్తుంది గనుక డ్రైవు రొద తగ్గుతుంది, డిస్కును చదివే లెన్సు తొందరగా అరగదు. డబ్బు పెట్టి కొన్న అసలు డిస్కు వేసినా నిషేధం పడిన పెట్టెలో ఆ వీలుండదు. ఇది ఏ రకం న్యాయం?

నా దగ్గరికొచ్చేవి ఎక్కువగా సెకండ్ హ్యాండువే. ఈమధ్య పెరంబూరు నుంచి మన నెల్లూరు ఆవిడ ఒకరు కొడుకు కోసం కొన్న పాత కన్సోలు తెచ్చారు. "అన్నా, అన్నీ షాపులో కొన్న డిస్కులే, మరి ఆన్‌లైన్ ఎందుకు రావట్లేదు?" అని అడిగారు. విప్పబోతే సీలు అప్పటికే చిరిగి ఉంది, ఒక స్క్రూ తల అరిగిపోయింది. ఎవరో ఎప్పుడో లోపల చెయ్యి పెట్టారు. నిషేధం పెట్టె మీద పడుతుంది గనుక శిక్ష మాత్రం ఈ పిల్లాడికి.

మన కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ కూడా హక్కులకు భంగం కలిగించే ఉద్దేశంతో, ఆ హక్కుల కోసం పెట్టిన సాంకేతిక రక్షణను ఛేదించినవాడినే శిక్షించమంటుంది. కంపెనీలకు ఆ విచారణే లేదు. 2025 మేలో మరో కన్సోళ్ల కంపెనీ నింటెండో, అమెరికాలో వాడేవాళ్లకు పెట్టే షరతుల్లో ఏకంగా పరికరాన్నే శాశ్వతంగా పనికిరాకుండా చేయవచ్చని రాసుకుంది.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దీనిమీద దృష్టి పెట్టాలి. నిషేధం ఆన్‌లైన్ వరకే ఉండాలి. సీరియల్ నంబరు కొడితే ఆ కన్సోలు మీద నిషేధం ఉందో లేదో కొనేముందే తెలిసే ఏర్పాటును కంపెనీల చేత చేయించాలి.

- ఒక కన్సోల్ మెకానిక్, రిచీ స్ట్రీట్, చెన్నై