పిల్లలు పుట్టేశారు కదా అన్న మాట

చిరంజీవి సౌభాగ్యవతి సుజాతకు, అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఆదివారం ఫోనులో నువ్వు చెప్పినదంతా విన్నాను గాని ఆ పూట నీకు సరైన సమాధానం చెప్పలేకపోయాను. స్కానింగులో గర్భసంచి గోడలో మూడు సెంటీమీటర్ల గడ్డ కనిపించిందనీ, నెలసరి ఎనిమిది తొమ్మిది రోజులు సాగుతున్నదనీ, హీమోగ్లోబిన్ 8.6కు పడిపోయిందనీ, సంచి తీయించుకుంటే ఈ బాధ ఉండదని డాక్టరు గారు అన్నారనీ, ఇన్సూరెన్సులో వస్తుంది కాబట్టి వచ్చే వారమే చేయించుకుందామనుకుంటున్నావనీ చెప్పావు. చివరికి "పిల్లలిద్దరూ పుట్టేశారు కదమ్మా, ఇంక దానితో పనేముంది" అన్నావు. ఆ మాట దగ్గర నాకు నోరు పెగలలేదు. సరిగ్గా ఆ మాటే 1997లో నాతో అన్నారు. రెండేళ్ళ తరువాత అదే మాట నేను ఇంకొకరితో అన్నాను.

నాకు పెద్ద ఆపరేషన్ జరిగిన సంగతి నీకు తెలుసు. అప్పుడు నువ్వు నాలుగో తరగతి. ముక్కాలిపీట ఎక్కి పొయ్యి మీది గంజి గిన్నె దించబోయి చెయ్యి కాల్చుకున్నావు. ఆ మచ్చ ఇంకా నీ మణికట్టు మీద ఉన్నది. కాని ఆ ఆపరేషన్ ఎందుకు జరిగిందో నీకు నేను ఏనాడూ చెప్పలేదు. నాకున్న జబ్బల్లా తెల్లబట్ట కావడం, నడుము నొప్పి. ఊళ్ళోని ఆర్.ఎం.పీ. గారు రెండు సూదులు వేసి, తగ్గకపోయేసరికి పట్నంలోని ఒక నర్సింగ్ హోముకు తీసుకువెళ్ళారు. అక్కడ గర్భసంచి మూతి దగ్గర పుండు ఉన్నదనీ, అలాగే వదిలేస్తే క్యాన్సర్ అవుతుందనీ చెప్పారు. క్యాన్సర్ అన్న మాట వినబడిన తరువాత మీ నాన్నగారు ఇంక ఏమీ అడగలేదు. నా గాజులు తాకట్టు పెట్టి 12 వేలు తెచ్చారు. తీసిన సంచిని స్టీలు బేసిన్‌లో పెట్టి ఆయనకు చూపించి, "చూశారా, ఎంత పాడైపోయిందో" అన్నారట. దానిని పరీక్షకు పంపారో లేదో మాకు తెలియదు. రిపోర్టు అంటూ ఏదీ మా చేతికి రాలేదు.

మూడు వారాలు తిరగకుండానే ఒంట్లోంచి వేడి ఆవిర్లు మొదలైనాయి. స్కూలులో నల్లబల్ల మీద పాఠం వ్రాస్తూ ఉండగానే జాకెట్టు తడిసిపోయేది. రాత్రిళ్ళు నిద్ర ఉండేది కాదు, నువ్వు ఏదైనా అడిగితే ఊరకే కసిరేదాన్ని. నా వయసు అప్పటికి 33. 2011లో స్నానాల గదిలో జారి చెయ్యి విరిగినప్పుడు, గుంటూరులో ఎముకల డాక్టరు గారు సాంద్రత పరీక్ష చేయించి, ఈ వయసులో ఎముకలు ఇంత గుల్లబారవలసిన పని లేదే అని ఆశ్చర్యపోయి, పాత కాగితాలేమైనా ఉంటే తెమ్మన్నారు. ట్రంకుపెట్టె అడుగున దాచిన డిశ్చార్జి చీటీ పట్టుకువెళ్ళాను. అందులో టి.ఏ.హెచ్., దాని పక్కన బి.ఎస్.ఓ. అని మూడేసి అక్షరాలు. మొదటి మూడు అక్షరాలకు గర్భసంచి తీశారని అర్థమనీ, తరువాతి మూడింటికి రెండు అండాశయాలు కూడా తీసివేశారని అర్థమనీ ఆయన చెప్పారు. పిల్లలకు చదువు చెప్పే నేను, నా సొంత చీటీలోని ఆ అక్షరాలను 14 ఏళ్ళు పెట్టెలో పెట్టుకుని కూడా చదువుకోలేకపోయాను.

ఈ మధ్య నా దగ్గర చదువుకుని గైనకాలజిస్టు అయిన అమ్మాయి ఒకామె సెలవులకు ఊరికి వస్తే, నా చీటీ చూపించి, గంటన్నర కూర్చుని అన్నీ అడిగాను. తెల్లబట్ట చాలావరకు మామూలు ఇన్ఫెక్షన్ అనీ, వారం రోజుల మాత్రలతో నయమయ్యేదే ఎక్కువ అనీ చెప్పింది. సంచి మూతి దగ్గర ఎర్రగా కనిపించే చోటును పుండు అని పిలవడం పాత అలవాటు మాత్రమేననీ, అది చాలామంది ఆడవాళ్ళలో సహజంగానే ఉంటుందనీ, దానంతట అది క్యాన్సర్‌గా మారదనీ, అనుమానం ఉంటే సంచి మూతి దగ్గరి కణాలు తీసి చూసే పాప్ పరీక్ష చేసి తేల్చుకోవాలే గాని కంటితో చూసి నిర్ణయించకూడదనీ చెప్పింది. అండాశయాలు మనం అనుకున్నట్టు పిల్లల కోసమే కాదట. వాటినుంచి వచ్చే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఎముకలకూ, గుండెకూ, నిద్రకూ కూడా అవసరం. వాటిని చిన్న వయసులో తీసివేస్తే నెలసరి ఆగిపోయే దశ ఒక్కరోజులో వచ్చి మీద పడుతుంది. అండాశయాలను ఉంచి సంచి ఒక్కటే తీసినా, కొందరిలో ఆ దశ కొన్నేళ్ళు ముందుగా వస్తుందట.

ఇక నీ సంగతి. గర్భసంచిలో గడ్డలు నీ వయసు ఆడవాళ్ళలో ఎంతో మందికి ఉంటాయనీ, వాటిలో క్యాన్సర్ అయ్యేవి చాలా అరుదనీ, నెలసరి ఆగిన తరువాత అవి మామూలుగా కుంచించుకుపోతాయనీ ఆమె అన్నది. గడ్డ ఎంత పెద్దది అన్న దానికంటే ఎక్కడ ఉన్నది అన్నది ముఖ్యమట. లోపలి పొరలోకి పొడుచుకువచ్చిన గడ్డ చిన్నదైనా రక్తం ఎక్కువ పోతుంది, దానిని కింది దారినుంచే దుర్భిణి పంపి తీయవచ్చు. గోడలో ఉన్న చిన్న గడ్డ అయితే అసలు రక్తస్రావానికి అదే కారణమో కాదో కూడా చూడాలి, కాబట్టి థైరాయిడ్ పరీక్ష చేశారా అని ముందు అడిగింది. చేయలేదని నువ్వు చెప్పావు కదా. రక్తం పోయే రోజులలో మాత్రమే వేసుకునే ట్రనెక్సామిక్ యాసిడ్ మాత్రలు ఉన్నాయి, కాకపోతే నరాలలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్ళకు అవి పనికిరావు. హార్మోన్ లూప్ అని సంచి లోపల అమర్చేది ఒకటి ఉన్నది. మొదటి మూడు నుంచి ఆరు నెలలు కొద్దికొద్దిగా మరకలు కనిపించి చికాకు పెట్టినా, తరువాత చాలామందికి రక్తస్రావం బాగా తగ్గిపోతుందట. దాన్ని సరైన సమయంలో పెట్టించుకుని ఆపరేషన్ తప్పించుకున్నవాళ్ళు తన దగ్గరే ఎందరో ఉన్నారని చెప్పింది. ముందుగా ఆ 8.6ను పైకి తేవాలి. మాత్రలు పడకపోతే నరానికి ఎక్కించే ఐరన్ ఉన్నది. నీ ఆయాసమూ, మెట్లెక్కితే వచ్చే దడా సంచి వలన కాదు, రక్తం తక్కువై.

నేను ఆపరేషన్‌కే విరోధినని అనుకోవద్దు. మా స్కూలులో నాతో పని చేసిన ఆమెకు గర్భసంచి లోపల నిజంగానే క్యాన్సర్ బయటపడితే, సమయానికి తీశారు కాబట్టే ఈరోజు మనవలను ఆడిస్తున్నది. కాన్పులో రక్తం ఆగకపోతే సంచి తీసి తల్లిని బతికించిన డాక్టర్లు ఉన్నారు. సంచి జారినవాళ్ళకు, మందులన్నీ వాడి చూసినా తగ్గనివాళ్ళకు అది వరమే. నీకు కూడా అన్నీ చూసిన తరువాత అదే మార్గమని తేలితే, నేనే దగ్గరుండి చేయిస్తాను. కాని అన్నీ చూసిన తరువాత.

మన ప్రాంతంలో ఇది ఎంత మామూలు అయిపోయిందో చూడు. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో 8 శాతానికి దగ్గరగా ఉన్నారు. మిరపకాయలు కోసే కూలి స్త్రీలు "ముట్టు బాధ వదిలింది, పనికి అడ్డం లేదు" అనుకుంటూ వెళ్ళడం నేను నా కళ్ళతో చూశాను. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో చెరకు నరికే ఆడవాళ్ళదీ అదే కథ. ఈ అనవసరపు ఆపరేషన్ల మీద నరేంద్ర గుప్తా అనే వైద్యుడు వేసిన వ్యాజ్యంలో, 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాలను మూడు నెలలలో అమలులోకి తేవాలని రాష్ట్రాలన్నింటినీ ఆదేశించింది. ఆ వార్త చదివిన రోజు నేను పేపరు మడిచి పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను.

ఎందుకో చెబుతాను. 1999లో మీ పిన్నికి నెలసరి ఎక్కువగా అవుతుంటే, ఆమెను అదే నర్సింగ్ హోముకు బస్సులో వెంటబెట్టుకు వెళ్ళింది నేనే. అప్పటికి ఆమెకు 29 ఏళ్ళు. దారిపొడుగునా భయపడుతుంటే చెయ్యి పట్టుకుని, "పిల్లలు పుట్టేశారు కదే, ఇంక దానితో పనేముంది, నేను చేయించుకోలేదా" అని ధైర్యం చెప్పాను. ఆమెకు 30 నిండకుండానే ఆవిర్లు వచ్చాయి. ఆమె చీటీలో కూడా ఆ ఆరక్షరాలూ ఉన్నాయి. ఒక్కనాడు కూడా నన్ను ఒక్క మాట అనలేదు. నిన్న ఈ ఉత్తరం ఆమెకు చదివి వినిపించి, తప్పు నాదే అన్నాను. ఆమె కాసేపు చీర కొంగు సర్దుకుంటూ కూర్చుని, "సుజాత దగ్గరికి నేను కూడా వస్తాను అక్కా" అన్నది.

శుక్రవారం సత్తెనపల్లిలో పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కి మేమిద్దరం వస్తున్నాము. అల్లుడుగారితో ఈ సంగతులన్నీ నేనే నెమ్మదిగా మాట్లాడతాను, మీ అత్తగారితో కూడా. శనివారం నాటికి మరొక గైనకాలజిస్టు దగ్గర టోకెన్ తీసుకుని ఉంచు. స్కానింగు ఫిలింలు, రక్తపరీక్ష కాగితాలు ఒక్కటీ పారవేయకుండా కవరులో పెట్టు. సంచి తీయాలంటే ఎందుకు తీయాలి, తీస్తే అండాశయాలు ఉంచుతారా, తీసినదాన్ని బయాప్సీకి పంపి రిపోర్టు చేతికి ఇస్తారా అన్న మూడు ప్రశ్నలు కాగితం మీద వ్రాసుకో, అక్కడ మాట తడబడకుండా ఉంటుంది. రేపు గురువారం అడ్మిషన్ కోసం ఆసుపత్రివాళ్ళు ఫోను చేస్తే, అమ్మ వచ్చిన తరువాత చెబుతానని చెప్పు. ఈలోగా ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దు తల్లీ.

ఇట్లు,
అమ్మ