కొరత కెప్టెన్లకి, కొత్త పైలట్లకి కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

రాబోయే 15-20 ఏళ్లలో దేశానికి 30,000 మంది పైలట్లు కావాలి అని పేపర్లో పడిన ప్రతిసారీ మా నాన్నకి ఫోన్లొస్తాయండి, ఇంకేటి మీ వాడికి ఢోకా లేదు కదా అని. ఆ వాణ్ణి నేనే, పైలట్ లైసెన్సు చేతిలో పెట్టుకుని ఉద్యోగం కోసం చూస్తున్నాను. ఆ మాట పట్టుకునే ఇప్పుడు మా నరసన్నపేట, టెక్కలి వైపు కొంతమంది పొలం అమ్మైనా పిల్లల్ని ఫ్లయింగ్‌కి పంపుదామని చూస్తున్నారు, అందుకే ఈ ఉత్తరం.

కొరత నిజమే, ఎవరి కొరత అన్నదే ఎవరూ రాయట్లేదు. కంపెనీలకి చాలనిది కెప్టెన్లు. కెప్టెన్ అవ్వాలంటే ఏటీపీఎల్ అనే పై స్థాయి లైసెన్సు ఉండాలి, దానికి 1,500 గంటలు ఎగిరుండాలి. సీపీఎల్, అంటే ఉద్యోగానికి కావలసిన మొదటి పైలట్ లైసెన్సు, చేతికొచ్చేసరికి నాలాంటోడి లాగ్‌బుక్‌లో ఉండేది 200 గంటలు, అదీ చాలావరకు చిన్న సెస్నా మీద. 2025 డిసెంబర్లో పైలట్లు చాలక ఇండిగో ఫ్లైట్లు వేలల్లో కేన్సిలైనప్పుడు మా వీధిలో అందరూ ఇదిగో నీ టైమొచ్చింది అన్నారు, కానీ సీటు ఖాళీగా ఉంది కదా అని నన్ను తీసుకెళ్లి ఎయిర్‌బస్‌లో కూర్చోబెట్టలేరు కదండీ. ముందు టైప్ రేటింగ్, అంటే ఫలానా రకం విమానం నడపడానికి విడిగా ట్రైనింగూ అనుమతీ, ఆ తర్వాత ట్రైనింగ్ కెప్టెన్ పక్కన నెలల తరబడి ప్రయాణికులున్న మామూలు ఫ్లైట్లలోనే లైన్ ట్రైనింగ్, ఆ ట్రైనర్లూ సిమ్యులేటర్లూ ఎంతమందికి సరిపోతే అంతమందినే బ్యాచ్‌లుగా తీసుకుంటారు. దానికి తోడు 2023 మేలో గో ఫస్ట్ అనే విమాన కంపెనీ ఆగిపోయి అనుభవం ఉన్నోళ్లు కూడా మాతో పాటే లైన్లోకొచ్చారు, ఇంజిన్ల గొడవతో వేరే కంపెనీల విమానాలు కూడా కొన్ని నేల మీదే ఉండిపోయాయి.

ఇంక టైప్ రేటింగ్ సంగతి. అప్లికేషన్ ఫారంలో ఏ320 (ఎయిర్‌బస్ రకం) రేటింగ్ ఉందా అనే గడి ఒకటుంటుంది, లేదు అని కొట్టామా, ఫారం అక్కడితో సరి. సొంత డబ్బుతో చేసుకుందామంటే ఇంకో పదిహేను ఇరవై లక్షల మాట, సీపీఎల్ అప్పు వడ్డీయే తెమలకుండా. పోనీ చేసుకున్నా ఉద్యోగం వస్తుందని రాసిచ్చేవాడు లేడు. ఇంట్లో కూర్చున్నా ఖర్చు ఆగదు, ఏటేటా మెడికల్ చేయించుకోవాలి, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట కనిపించకపోయినా మీటర్లు చూసి నడిపే అర్హత) చెక్ ఇచ్చుకోవాలి, దానికోసం మళ్లీ ఫ్లయింగ్ స్కూల్‌కే వెళ్లి గంటల లెక్కన డబ్బు కట్టాలి. మానేస్తే లైసెన్సు ఉంటుంది గానీ ఇంటర్వ్యూకి పనికిరాదు.

అసిస్టెంట్ ఫ్లయిట్ ఇన్‌స్ట్రక్టర్ అవ్వడం ఒక దారి, అంటే ఫ్లయింగ్ స్కూల్లో నేర్పించే పని, జీతం తక్కువే గానీ గంటలు పెరుగుతాయి, మనోళ్లు దాన్ని ఎందుకో చిన్నచూపు చూస్తారు. విమానాలు అద్దెకి తిప్పే చార్టర్ కంపెనీల్లో ఖాళీలు పేపర్లో పడేవి తక్కువ, లోపల తెలిసినోళ్లుంటేనే కబురొస్తుంది.

భోగాపురం ఎయిర్‌పోర్ట్ వస్తే మన పిల్లలకి పైలట్ ఉద్యోగాలే ఉద్యోగాలు అని కూడా అంటున్నారు. ఎయిర్‌పోర్ట్ మంచిదే, టాక్సీలకీ హోటళ్లకీ సెక్యూరిటీకీ లాభమే, కానీ పైలట్‌ని తీసుకునేది ఎయిర్‌పోర్ట్ కాదండీ, ఎయిర్‌లైన్. రన్‌వే మన గుమ్మం ముందున్నా ఇంటర్వ్యూకి ఢిల్లీ రైలు ఎక్కాల్సిందే.

అప్పట్లో విజయనగరం నుంచి అశోక్ గజపతిరాజు గారు, ఇప్పుడు మా శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారు, పౌర విమానయాన శాఖ రెండుసార్లు మన వైపే వచ్చింది. కాబట్టి అడిగే చొరవ మాకుంది. మంత్రి గారూ, విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ 2025 నుంచి ఫ్లయింగ్ స్కూళ్లకి ర్యాంకులిస్తోంది కదా, ఆ ర్యాంకు పక్కనే ఈ స్కూల్లో సీపీఎల్ తీసుకున్నోళ్లలో ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, ఎన్నాళ్లకి వచ్చింది అన్నది కూడా పెట్టించండి. టైప్ రేటింగ్ లేనోళ్లని ఏ కంపెనీ ఎంతమందిని తీసుకుందో ఏటా బయటపెట్టించండి. ఉద్యోగం వచ్చేదాకా అప్పు తాలూకు అసలు కట్టమని అడక్కుండా బ్యాంకులకి ఏదైనా చెప్పించగలిగితే మరీ మంచిది.

సంపాదకులు గారూ, మీకు ఒక్క మనవి. ఈసారి పైలట్ల కొరత వార్త వేసినప్పుడు అందులో 200 గంటల వాళ్లకి ఎన్ని పోస్టులో కూడా కనుక్కుని వెయ్యండి సార్, మా నాన్న ఫోన్లో ఆ లెక్క చదివి వినిపించుకుంటాడు.

ఇట్లు
ఒక కొత్త పైలట్, నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా