కెమిస్ట్రీ ల్యాబ్‌ని చూసుకునే మనిషేడీ?

ఎడిటర్ గారికి నమస్కారం.

2024 ఆగస్టులో అచ్యుతాపురం, 2025 జూన్‌లో పాశమైలారం ప్రమాదాల తర్వాత ఫార్మా ఫ్యాక్టరీల భద్రత మీద పత్రికల్లో చాలా వచ్చింది, రావాల్సిందే. కానీ ఆ ఫ్యాక్టరీలకి వెళ్లే కెమిస్టులు పని నేర్చుకునే యూనివర్సిటీ ల్యాబుల సంగతి ఎవరూ అడగడం లేదు.

నేను ఆర్గానిక్ కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తూనే మా ల్యాబ్ బాధ్యతలు కూడా చూశాను. కెమికల్స్ ఆర్డర్లు, స్టాక్ రిజిస్టరు, నైట్రోజన్ సిలిండర్లు, అణువుల నిర్మాణం చూపే ఎన్ఎంఆర్ మెషీన్ మీద స్లాట్లు, ద్రావకాల్ని ఆవిరి చేసే రోటావాప్ రిపేర్లు, కొత్తగా చేరినవాళ్లకి నేర్పడం, అన్నీ సీనియర్ స్కాలర్ నెత్తినే పడతాయి. దానికి జీతం లేదు, హోదా లేదు. గైడ్‌కి క్లాసులు, ప్రాజెక్టు రిపోర్టులతోనే సరిపోతుంది, మా దగ్గర ల్యాబ్ అసిస్టెంట్ రిటైరయ్యాక ఆ పోస్టు మళ్లీ నింపనే లేదు.

అసలు చిక్కంతా ఆ సీనియర్ థీసిస్ ఇచ్చి వెళ్లిపోయాకే. ల్యాబులో ద్రావకంగా వాడే ఈథర్ బాటిల్ తెరిచి వదిలేస్తే గాలి తగిలి నెమ్మదిగా పేలే గుణమున్న పెరాక్సైడ్లు తయారవుతాయి, మూత చుట్టూ తెల్లటి పలుకులు కట్టాయంటే ఆ మూత తిప్పినా పేలొచ్చు. అందుకే తెరిచిన తేదీ బాటిల్ మీద రాయాలంటారు. మా అలమరా అడుగున దొరికిన ఈథర్ బాటిల్ మీద తేదీ లేదు, తెరిచినవాళ్లెవరో చెప్పగలిగినవాళ్లూ లేరు. వేస్ట్ క్యాన్లదీ అదే గొడవ. అసిటోన్ ఉన్న క్యాన్‌లో నైట్రిక్ యాసిడ్ పోసి మూత బిగిస్తే గ్యాస్ పుట్టి క్యాన్ పేలిపోతుంది, రాత్రి పదింటికి ఒంటరిగా పనిచేసే కొత్త జేఆర్ఎఫ్‌కి (జూనియర్ రీసెర్చ్ ఫెలోకి) ఆ మాట ఎవరు చెప్పాలి?

2008 డిసెంబరు 29న అమెరికాలో, యూసీఎల్ఏ యూనివర్సిటీ ల్యాబ్‌లో, 23 ఏళ్ల రీసెర్చ్ అసిస్టెంట్ షెరీ సంగ్జీ టెర్ట్-బ్యూటైల్ లిథియం సిరంజిలోకి తీస్తుండగా ప్లంజర్ ఊడి వచ్చింది. గాలి తగిలితే చాలు అంటుకునే కెమికల్ అది, ఒంటి మీద ల్యాబ్ కోటు లేదు, స్వెట్టర్ అంటుకుంది. 18 రోజులకి చనిపోయింది. సరిగ్గా ఏడాదికి ముంబైలో భాభా అణు పరిశోధన కేంద్రం కెమిస్ట్రీ ల్యాబ్‌లో మంటలు రేగి ఇద్దరు యువ పరిశోధకులు ప్రాణాలు కోల్పోయారు.

ప్రతి కెమిస్ట్రీ విభాగానికీ ఒక పర్మనెంట్ ల్యాబ్ మేనేజర్‌ని ఇవ్వండి. పరిశ్రమలో పనిచేసి వచ్చిన కెమిస్టు అయితే మరీ మంచిది, హైదరాబాద్, విశాఖల్లో అలాంటివాళ్లకి కొదవ లేదు. ప్రమాదం అనిపిస్తే ప్రొఫెసర్ చేయిస్తున్న పనినైనా ఆపించే అధికారం ఆ మనిషికి ఉండాలి, లేకపోతే అదీ ఇంకో గుమస్తా ఉద్యోగమే అవుతుంది. కోట్లు పెట్టి ఎన్ఎంఆర్ మెషీన్లు కొనేవాళ్లకి ఒక జీతం భారమంటే నేను నమ్మను.

ఈ పోస్టు మంజూరయ్యేలోపు యూనివర్సిటీలు వెంటనే చేయగల పని ఒకటుంది. స్కాలర్ వెళ్లేటప్పుడు నో డ్యూస్ ఫారం మీద లైబ్రరీ, హాస్టల్ సంతకాలు అడుగుతారు కదా, తను వాడిన ప్రతి బాటిలూ ఎవరికి అప్పగించాడో దానికీ ఆ ఫారంలో ఒక గడి పెట్టండి, ఆ సంతకం లేనిదే సర్టిఫికెట్ ఇవ్వకండి.

ఇట్లు,
ఒక మాజీ రీసెర్చ్ స్కాలర్,
హైదరాబాద్