రీడింగులు పోయినా పోయాయని చెప్పని కార్డు డ్రైవర్ సాఫ్ట్‌వేర్ గురించి ఫిర్యాదు

మిర్యాలగూడ,
నల్లగొండ జిల్లా

టెక్నికల్ సపోర్ట్ మేనేజర్ గారికి,

విషయం: మీ నాలుగు ఛానళ్ల డేటా అక్విజిషన్ కార్డు (సెన్సర్ల రీడింగులు తీసుకునేది), దానితో ఇచ్చిన ఆర్‌టీఓఎస్ (రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్) డ్రైవర్, అంటే కార్డును నడిపే సాఫ్ట్‌వేర్.

అయ్యా,

మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లుల్లో మోటార్లకు, బేరింగులకు వైబ్రేషన్ సెన్సర్లు పెట్టి, ఏది చెడిపోబోతోందో మిల్లువాళ్లకు ముందే చెప్పడం నా పని. నేను, ఒక హెల్పర్, అంతే. మీ కార్డులు రెండు కొన్నాను. డబ్బా మీద 'రియల్ టైమ్', అంటే చెప్పిన గడువులోపే పని చేస్తుంది, అని ఉంది కాబట్టే కొన్నాను. లేకపోతే ఇంతకన్నా చవకవి బోలెడు దొరుకుతాయి.

యాసంగి ధాన్యం లారీలు గేటు ముందు లైను కట్టిన రోజుల్లో, మీ కార్డు రీడింగు చూసి, పాలిషర్ బేరింగ్ పోతోందని ఒక మిల్లు ఓనరుకు చెప్పాను. ఆయన నమ్మి ఒక పూట మిల్లు ఆపించారు. హమాలీలు ఊరికే కూర్చున్నారు. విప్పి చూస్తే బేరింగ్ కొత్తదానిలా ఉంది, గ్రీజు కూడా నల్లబడలేదు. ఆయన "సరే, బిగించండి" అని మాత్రం అన్నారు. తిట్టినా బాగుండేది. మూడో రోజు ధాన్యం పైకెత్తే ఎలివేటర్ బేరింగ్ పట్టేసింది.

వర్క్‌షాప్‌లో బోర్డుకు సీరియల్ కేబుల్ తగిలించి చూస్తే అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఛానల్‌కు సెకనుకు 10,000 శాంపిళ్లు (రీడింగులు), నాలుగింటికి 40,000. కార్డులోని ఫైఫోలో (శాంపిళ్లు వచ్చిన వరుసలో ఆగే చిన్న మెమరీలో) 512 పడతాయి, అంటే 12.8 మిల్లీసెకన్లలో నిండిపోతుంది. ఆలోపే డ్రైవర్ ఖాళీ చేయాలి. మీ డ్రైవర్ ప్రతి ఇంటరప్ట్‌లోనూ (శాంపిళ్లు వచ్చాయి, తీసుకో అని కార్డు ప్రాసెసర్‌ను పిలిచిన ప్రతిసారీ) కొత్తగా మెమరీ అడుగుతోంది, అది ఒక్కోసారి ఎంతసేపు పడుతుందో చెప్పలేం. అలా ఆలస్యమై ఫైఫో పొంగగానే, ఆ పిలుపుకు పలికే ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లోనే నిలబడి రెండు లైన్ల హెచ్చరిక ప్రింట్ చేస్తోంది. సీరియల్ పోర్టు వేగం 115200 బాడ్ దగ్గర 80 అక్షరాల లైను పోవడానికి దాదాపు 7 మిల్లీసెకన్లు. రెండు లైన్లకు 14. ఈలోగా ఫైఫో మళ్లీ పొంగుతుంది. మళ్లీ రెండు లైన్లు. ఇల్లు కాలుతుంటే ఆర్పేవాడే బిందె పక్కన పెట్టి డప్పు చాటింపు వేసినట్టుంది.

ఫైఫోలో శాంపిళ్లు ఒకటి, రెండు, మూడు, నాలుగు ఛానళ్ల వరుసలో వస్తాయి, పోయేవి మాత్రం లెక్కగా నాలుగేసి చొప్పున పోవు కదా. ఒకటో రెండో ఎక్కువ పోతే అక్కడి నుంచి వరుసంతా జరిగిపోతుంది, ఎలివేటర్ రీడింగు వచ్చి పాలిషర్ ఖాతాలో పడుతుంది. మాకు జరిగింది ఇదే. రీడ్ ఫంక్షన్ మాత్రం ప్రతిసారీ 'సక్సెస్' అనే చెప్పింది. శాంపిళ్లు పోవడం నాకు కొత్త కాదు, పోయాయని తెలిస్తే ఆ ముక్క వదిలేసి లెక్క వేసుకుంటాను. ఆ మాట ప్రోగ్రాముకు చెప్పకుండా సీరియల్ పోర్టుకు చెబితే ఏం లాభం? ఊక దుమ్ములో అక్కడ కేబుల్ పెట్టుకుని ఎవరు కూర్చుంటారు?

మీ సపోర్ట్ వాళ్లకు మెయిల్ పెడితే "మీ టాస్క్ ప్రయారిటీ పెంచుకోండి" అని ఒక్క లైను జవాబు. ఇంటరప్ట్ హ్యాండ్లర్ అన్ని టాస్కులకూ పైన నడుస్తుంది, నా టాస్క్ (నా ప్రోగ్రాములో నడిచే పని) ప్రయారిటీని ఎంత పెంచితే ఏం? 1997లో అంగారకుడి మీద దిగిన నాసా నౌక పాత్‌ఫైండర్ కూడా రియల్ టైమ్ సిస్టమే, అదీ ఉండుండి రీసెట్ అయ్యేది. నాసా వాళ్లు అదే తప్పును భూమ్మీద మళ్లీ రప్పించి చూసి, ఒక మ్యూటెక్స్‌కు (ఒకసారికి ఒక్క టాస్క్‌నే వదిలే తాళానికి) ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్ (తాళం పట్టుకున్న టాస్క్‌కు, దాని కోసం ఆగిన పెద్ద టాస్క్ ప్రయారిటీ అప్పటికి ఇవ్వడం) ఆన్ చేసి అంత దూరం నుంచే సరిచేశారు. మీరు మిర్యాలగూడ దాకా కూడా రానక్కర్లేదు, నేను పంపిన లాగ్ తెరిస్తే చాలు.

హ్యాండ్లర్ చేయాల్సింది శాంపిళ్లను ముందే కేటాయించిన రింగ్ బఫర్‌లోకి (చివరికి చేరాక మళ్లీ మొదటి నుంచి వాడుకునే మెమరీలోకి) తోయడం వరకే. ప్రింట్లు, మిగతా పని వేరే టాస్క్‌లో పెట్టండి. ఫైఫో పొంగితే వరుసను మళ్లీ మొదటి ఛానల్ నుంచి మొదలుపెట్టాలి, ఎన్ని పోయాయో రీడ్ ఫంక్షన్‌లోనే తిప్పి చెప్పాలి. ఇలా సరిచేసిన డ్రైవర్ 15 రోజుల్లో పంపండి, లేదా రెండు కార్డులూ తీసుకుని డబ్బు వాపసు ఇవ్వండి. రెండూ కాకపోతే నల్లగొండలో వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. వ్యాపారానికి కొన్నావు కదా అనకండి, సొంతంగా పని చేసుకుని బతికేవాళ్లకు 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో మినహాయింపు ఉంది.

బిల్లు, కార్డుల సీరియల్ నంబర్లు, లాగ్ ఫైలు జతచేశాను. ఫోన్ చేస్తే రాత్రి 8 దాటాక చేయండి, పగలు మిల్లులో ఉంటే ఏమీ వినపడదు.

ఇట్లు,
మీ కస్టమర్